మంచు కరిగేదాకా

మోంటానాలో మాది ఆరువందల పన్నెండు మంది ఊరు.
తుపాకులెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.
నేనైతే ఉజ్జాయింపుగా చెప్పగలను,
ముప్ఫై ఏళ్ళుగా అమ్ముతున్నది నేనే గనక.
మేకులు, ముళ్ళతీగ, గొర్రెలు నాకే ఉప్పుగడ్డలు,
వెనక గోడకి వరసగా రైఫిళ్ళు.

నవంబరులో ఫైర్‌స్టేషన్‌లో మీటింగు పెట్టారు,
ఇంజన్ని బయట చలిలో నిలబెట్టి, లోపల కుర్చీలు వేసి.
కొత్త చట్టం రాబోతోందట:
మనిషికి తన మీద తనకే పట్టు తప్పుతుంటే
ఇంట్లోవాళ్ళు జడ్జికి చెప్పుకోవచ్చు,
కొన్నాళ్ళు ఆ తుపాకీ తీసి దాచొచ్చు.

పంతులమ్మ మారిబెత్ లేచింది.
చేతిలో కాగితం ఉంది, చూడలేదు.
"రెండో తరగతి పిల్లలకి
అలమరలో ఊపిరి బిగబట్టడం నేర్పుతున్నాను.
ఎక్కాలకన్నా అదే బాగా వచ్చింది" అంది.
కూర్చుంది.
ఎవరో దగ్గారు.

తర్వాత వెర్లిన్ హాగ్‌స్టాడ్.
ఆ గొంతుకి మైకక్కర్లేదు.
"మా తాత ఇక్కడ దిగినప్పుడు
షెరీఫు ఎనభై మైళ్ళ దూరం. ఇవాళ నలభై.
అర్ధరాత్రి కొండసింహం నా గొర్రె మెడ పట్టుకుంటే
జడ్జిగారిని నిద్ర లేపనా?
ఇప్పుడు కొన్నాళ్ళే అంటారు.
వేలిస్తే చెయ్యి గుంజుతారు.
నా తలకాయ సరిగ్గా ఉందో లేదో
నా మొహం చూడనివాడా చెప్పేది?"

చప్పట్లు. నేనూ కొట్టాను.
అబద్ధమెందుకు,
మారిబెత్‌కీ కొట్టాలనిపించింది.
అప్పుడు చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి.

క్రిస్మస్ దాటిన మూడో రోజు,
షాపు మూస్తుంటే వెనక తలుపు దగ్గర ట్రక్కు ఆగింది.
లైట్లు ఆర్పేసి దిగాడు వెర్లిన్.
చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద
అతుకుల బొంత.
ఐయోన్ కుట్టిన బొంత అది, నాకు తెలుసు,
ఆ ఎర్రగుడ్డ నా దగ్గరే కొన్నది.

"కాస్త చోటుందా?"
"ఎన్నాళ్ళకి?"
"మంచు కరిగేదాకా."

విప్పితే మూడు. ఒకటి వాళ్ళ తాతది,
మడమ దగ్గర కర్ర అరిగి నున్నబడింది.
ఎందుకని నేనడగలేదు.
ఆగస్టులో ఐయోన్ పోయింది.
అక్టోబరులో మంద మొత్తం అమ్మేశాడు.
అంటే, మీటింగులో కొండసింహం పట్టుకున్న గొర్రె
అప్పటికే ఆయన దొడ్లో లేదు.

రిజిస్టర్‌లో నంబర్లు ఎక్కించాను.
"ఒక రాత్రి నా దగ్గర ఉందంటే
తిరిగిచ్చేటప్పుడు ఫారం నింపాలి వెర్లిన్,
ఫోన్ చేసి పైవాళ్ళని అడగాలి" అన్నాను.
నవ్వాడు, చాలా రోజుల తర్వాత.
"నీ కాగితానికి నేను ఆనతానో లేదో
అప్పుడు చూద్దాంలే."
బొంత మాత్రం వెనక్కి తీసుకెళ్ళాడు.

చలికాలమంతా కొత్తవాళ్ళు అడుగుతూనే ఉన్నారు
ఆ పాతది ఎంతకిస్తావని.
"దానికి మనిషున్నాడు" అనేదాన్ని.
ఉన్నాడు.
ఆదివారాలు వచ్చి స్టవ్ పక్కన కూర్చునేవాడు,
కాఫీ తాగి, గోడ వైపు వీపు పెట్టి.

ఫిబ్రవరిలో రాజధానిలో ఆ చట్టం
రెండు ఓట్లతో వీగిపోయింది.
ఊరంతా హారన్లు మోగించారు.
వెర్లిన్ కూడా మోగించే ఉంటాడు.
మారిబెత్ ఆ సాయంత్రం వచ్చి
అలమర తలుపుకి లోపలివైపు వేసే గడియ కొనుక్కెళ్ళింది.
డబ్బులు వద్దన్నాను. వినలేదు.

ఏప్రిల్లో వచ్చాడు.
కంచె మేకులు రెండు పౌన్లు.
గోడ వైపు చూశాడు, ఈసారి నిలబడి.
నేను ఫారం తీసి కౌంటర్ మీద పెట్టాను, మీద పెన్ను.
కళ్ళజోడు పెట్టుకుని
పేరు రాశాడు. ఊరు రాశాడు.
కిందికి చదువుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు.
ఏ ప్రశ్న దగ్గరో నేను చూడలేదు.

పెన్నుకి మూత పెట్టాడు.
"కొట్టం ఉత్తరం వైపు, నీడలో,
ఇంకా ఉంది మంచు" అన్నాడు.
"ఉంటుంది మరి" అన్నాను.

మేకులు తీసుకుని వెళ్ళిపోయాడు, చిల్లర మర్చిపోయి.
సగం నిండిన కాగితం మడిచి రిజిస్టర్‌లో పెట్టాను.
కిటికీ బయట వీధంతా బురద,
పైకప్పుల నుంచి నీళ్ళు.